మాఘమాసంలో ఉష్ణగుండానికి



సంక్రాంతికి వచ్చిన కూతుళ్ళూ అల్లుళ్ళూ తిరుగు బస్సులెక్కేశారు. కుప్పనూర్పిళ్ళయ్యాయి, ధాన్యం మిల్లుకు చేరింది. చేలల్లో మినుము అల్లుకుంటోంది. దానికి ఒకటి రెండు మందు పిచికారీలు తప్ప, కోత దాకా పెద్ద పనేమీ లేదు. అటు గుడివాడ నుంచి ఇటు నాగాయలంక దాకా ఏడాదిలో మనిషికి కాస్త ఊపిరి సలిపేది ఈ రోజుల్లోనే. ఇప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు మాట కదుపుతారు. "ఎక్కడికైనా వెళ్ళొద్దామా? గోల లేని చోటికి, ఓ నాలుగు రోజులు." మోకాళ్ళు పట్టేసినవాళ్ళు ఇంకో మాట కలుపుతారు. "వేడినీళ్ళ గుండాలుంటాయటగా, అలాంటి చోటికైతే ఇంకా మంచిది."

కోరిక న్యాయమైనదే. అయితే మనలో చాలామంది ప్రశాంతత కోసమని బయల్దేరి, జాతరలో తిరిగొచ్చినట్టు అలసిపోయి ఇంటికి చేరతారు. తప్పు ఊరిది కాదు. మనం ఎంచుకున్న తేదీది, వెంట తీసుకెళ్ళిన జాబితాది. ప్రశాంతత ఊరిని బట్టి రాదు, తేదీని బట్టి వస్తుంది. ఈ పూట నేను చెప్పబోయేది అదే.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. మన కృష్ణా డెల్టాలో వేడినీటి బుగ్గ ఎందుకు లేదు? బందరుకు సముద్రం ఉంది, హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సాగరసంగమం ఉంది, అడుగడుగునా కాలువలున్నాయి. నీటికి కరువు లేదు. వేడికీ కరువు లేదు. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు దిగితే నీరు మరిగే వేడిని దాటిపోతాం. కైకలూరు, లింగాల వైపు గ్యాస్ కోసం బావులు తవ్వే ఓఎన్‌జీసీ వాళ్ళకు ఆ వేడి బాగా తెలుసు. కానీ మన కాళ్ళ కింద ఉన్నదంతా నదులు కోట్ల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు, బంకమట్టి, ఇసుక. కిలోమీటర్ల మందాన పొర మీద పొర పేరుకుపోయి ఉంది. లోపలి వేడినీరు పైకి రావడానికి సందు లేదు. పూర్వం మన పెరళ్ళలో తాటిమట్టలు పెట్టి కాగు కాచేవారు కదా, అలా అనుకోండి. కింద కాగు కాగుతూనే ఉంది, మన దగ్గర దాని మూత బిగుసుకుపోయింది.

ఆ మూత పగిలిన చోటు భద్రాచలం, మణుగూరు ప్రాంతం. గోదావరి లోయ కోట్ల ఏళ్ళ కిందట నేల చీలి, మధ్య భాగం కుంగిపోయి ఏర్పడిన లోయ. ఆ కుంగిన పల్లంలోనే అప్పటి అడవులు పూడిపోయి సింగరేణి బొగ్గు అయ్యాయి. ఆ చీలికలు ఇప్పటికీ ఉన్నాయి. అడవుల్లో, గుట్టల మీద కురిసిన వాన ఆ చీలికల వెంట లోతుకు దిగుతుంది, అక్కడ వేడెక్కుతుంది, ఇంకో చీలిక వెంట పైకి వస్తుంది. చుట్టుపక్కల అగ్నిపర్వతమంటూ ఏదీ లేదు. మణుగూరు వైపు బొగ్గు కోసం బోర్లు వేస్తుంటే వేడినీళ్ళు తమంతట తామే పైకి తన్నుకొచ్చాయి. ఆ ప్రాంతంలోనే పగిడేరు దగ్గర ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి వాళ్ళు 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్ పెట్టారు. దేశం మొత్తం మీద ఇలాంటి వేడినీటి బుగ్గలు 300కు పైగా ఉన్నాయి. బదరీనాథ్ గుడి మెట్ల కింద తప్తకుండం, హిమాచల్‌లో మణికరణ్, బిహార్‌లో రాజగృహ, బెంగాల్‌లో వక్రేశ్వరం అందరూ విన్న పేర్లు. మనకు అన్నిటికంటే దగ్గరిది భద్రాచలానికి సుమారు ఐదు కిలోమీటర్లలో, గోదావరి ఒడ్డున ఉన్న గుండాల.

గుండాల గురించి ఒక చిత్రమైన సంగతి ఉంది. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది. దాని పక్కనే ఉన్న గుండాల ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలాన్ని 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్ర విభజన అప్పుడు పోలవరం ముంపు కారణంగా చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలోకి వచ్చాయి, భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. పట్నాన్ని ఆనుకుని ఉన్న ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు ఐదూ ఏటపాక మండలంలోకి వెళ్ళాయి. వాటిని తిరిగి ఇవ్వాలని తెలంగాణ అడుగుతూనే ఉంది. కాబట్టి బందరులో బస్సెక్కిన మనిషి తిరువూరు దాటి తెలంగాణలోకి వెళ్ళి, భద్రాచలంలో రాత్రి పడుకుని, పొద్దున్నే ఆటో ఎక్కి మళ్ళీ ఆంధ్రలో దిగి స్నానం చేస్తాడు.

భద్రాచలానికీ మనకూ నీటి సంబంధం కూడా ఉంది. భద్రాచలం రాముడి ముందు నుంచి పారే గోదావరిలో కొంత, దిగువన పట్టిసీమ దగ్గర పంపులెక్కి, పోలవరం కుడికాలువలో పడి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2015 నుంచి ఇలా జరుగుతోంది. ప్రకాశం బ్యారేజీ నుంచి ఆ నీళ్ళే బందరు కాలువకూ, గుడివాడ వైపు రైవస్ కాలువకూ, దివిసీమకు కేఈబీ కాలువకూ వస్తాయి. జులైలో మన నారుమళ్ళకు అందే నీళ్ళలో భద్రాచలం దాటొచ్చినవీ ఉంటాయి. భద్రాచలం మనకు పరాయి ఊరేమీ కాదు.

ఇక తేదీ సంగతి. గుండాలలో చూడటానికి పెద్ద కొలను, పాలరాతి మెట్లు ఉంటాయనుకుని వెళ్ళకండి. నదిలో నీరు తగ్గి ఇసుక బయటపడ్డాక ఆ ఇసుకలో చెలమ తీస్తే వేడినీరు ఊరుతుంది. గోదావరి నిండుగా ఉన్నన్నాళ్ళూ ఆ చోటంతా నీటి అడుగునే ఉంటుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వర్షాకాలంలో రేడియో వార్తల్లో ఈ అంకెలు వింటూనే ఉంటాం. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటింది. ఆ రోజుల్లో గుండం ఎక్కడుందని అడిగేదేముంది? ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా దాన్ని మరిచిపోవాలి. ఫాల్గుణం నుంచి ఎండలు మొదలవుతాయి. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో వేడినీళ్ళ స్నానమంటే ఒంటికి శిక్ష. బ్రహ్మ విష్ణు మహేశ్వరులు చలికాలంలో ఇక్కడికొచ్చి స్నానం చేస్తారని స్థలపురాణం. దేవుళ్ళకు కూడా కాలం చూసుకోక తప్పలేదు.

అంటే మిగిలింది కార్తికం నుంచి మాఘం దాకా. ఇందులోనూ ఏరుకోవాలి. కార్తికంలో మనకు కోతలు, ఆ వైపు నదీస్నానాల రద్దీ. ధనుర్మాసంలో ముక్కోటి. భద్రాచలంలో ముక్కోటికి ముందురోజు గోదావరిలో తెప్పోత్సవం, తెల్లారి ఉత్తరద్వార దర్శనం. చూసి తీరాల్సిన ఉత్సవమే, కానీ ప్రశాంతత కోసం వెళ్ళేవాళ్ళు చూడాల్సింది కాదు. సంక్రాంతి సెలవుల్లో పాపికొండల పడవల కోసం వచ్చే జనంతో లాడ్జీలు నిండిపోతాయి. శ్రీరామనవమి కల్యాణానికి వచ్చే జనం సంగతి వేరే చెప్పాలా?

ఇన్ని తీసేస్తే సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఉన్న మాఘమాసం మిగులుతుంది. చలి ఇంకా పోలేదు, గోదావరి బాగా తగ్గి ఉంటుంది, ఇసుక తేలి ఉంటుంది. మన డెల్టా రైతుకూ తీరిక అప్పుడే. అయితే మాఘంలోనూ రెండు జాగ్రత్తలు. ఒకటి పౌర్ణమి. ఆ రోజు మన హంసలదీవిలోనే సముద్రస్నానాలకు ఎంత జనమో తెలుసుగా. రెండేళ్ళకోసారి సరిగ్గా ఆ పున్నమికే మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. ఆ వారం భద్రాచలం, మణుగూరు, ఏటూరునాగారం రోడ్లన్నీ జాతర రోడ్లే. రెండోది శనాదివారాలు. సోమవారం వెళ్ళి గురువారం తిరిగొస్తే అదే ఊరు మీకు వేరే ఊరిలా కనిపిస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. ఆ పన్నెండు రోజులకూ ఈ ప్రయాణానికీ పొంతన లేదు, దానికి వేరే సంకల్పం, వేరే ఓపిక కావాలి.

అందరూ వరి రైతులు కాదు, నిజమే. కైకలూరు, కృత్తివెన్ను, నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్నవాళ్ళకు పంట చెరువులో ఉండగా రాత్రి నిద్రే ఉండదు. ఏరియేటర్ ఆగిందంటే తెల్లారేసరికి చెరువు పోతుంది. వాళ్ళు పట్టుబడి అయ్యాక, మళ్ళీ పిల్ల వేసేలోపు, చెరువు ఎండగట్టే రోజుల్లో వెళ్ళాలి. చిలకలపూడి గిల్టునగల పనివాళ్ళకు, పెడన కలంకారీ అద్దకం వాళ్ళకు గిరాకీని బట్టి తీరిక. ఉద్యోగస్తులకు సెలవు చీటీ. ఎవరి పని ఎప్పుడు తగ్గుతుందో వాళ్ళకే తెలుసు. పంచాంగం ఒక చేత్తో, మీ పని లెక్క ఇంకో చేత్తో పట్టుకుని రెండూ కలిసిన చోట వేలు పెట్టండి. ప్రయాణం సగం అక్కడే కుదిరిపోతుంది.

మిగతా సగం ఇంట్లో కుదరాలి. ఇది మొదటిదానికంటే కష్టం. ఇద్దరం వెళ్దామని మొదలవుతుంది. సాయంత్రానికి ఇల్లాలు అంటుంది, "ఏమండీ, వదినగారికి ఓ మాట చెప్పొద్దూ? తర్వాత తెలిస్తే జీవితాంతం మాట పడాలి." వదినగారు వస్తే అన్నయ్యగారొస్తారు. అన్నయ్యగారొస్తే కారు చాలదు. పెద్ద బండి మాట్లాడితే రెండు సీట్లు ఖాళీ. "ఖాళీగా పోవడమెందుకురా, మీ బాబాయిని రమ్మను, ఆయన రాముణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో." ఇంకేం, రెండు వంటపాత్రలు, ఒక గ్యాస్ స్టవ్, దుప్పట్ల మూట, పేకముక్కలు. బండి బయల్దేరేసరికి పన్నెండుమంది. ఇది కూడా ఒక సంతోషమే, కాదనను. కానీ దానికి గుండాల అక్కర్లేదు, మంగినపూడి బీచి చాలు, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ప్రశాంతత కావాలనుకున్నప్పుడు నలుగురికి మించకండి. అడిగినవాళ్ళకు మొహమాటపడకుండా చెప్పండి, "అక్కా, ఈసారి మేమిద్దరమే వెళ్తున్నాం, ఉగాది తర్వాత అందరం కలిసి వెళ్దాం." ఇచ్చిన ఆ మాట నిలబెట్టుకోండి.

మనుషుల లెక్క తేలాక చోట్ల లెక్క. మన ప్రయాణాలను పాడుచేసే వాక్యం ఒకటుంది. "అక్కడిదాకా వెళ్ళి అది చూడకుండా వస్తామా?" భద్రాచలం దాకా వెళ్ళి పర్ణశాల చూడకుండా వస్తామా? అది 35 కిలోమీటర్లు. పాల్వంచ మీదుగా వెళ్తూ కిన్నెరసాని చూడకుండా వస్తామా? పాపికొండల పడవ ఎక్కకుండా వస్తామా? ఒక్కొక్కటీ మంచి చోటే. అన్నీ కలిపితే తెల్లారుజామున నాలుగింటికి లేచి రాత్రి పదింటికి పడుకునే ప్రయాణం. గుండాల కోసం వెళ్తే గుండాల, రాముడి గుడి, గోదావరి గట్టు చాలు. ఇంకా మనసు లాగితే పర్ణశాల ఒక్కటి. మిగతావి ఇంకోసారి వెళ్ళడానికి సాకులుగా ఉంచుకోండి.

దారి సంగతి. బందరు, అవనిగడ్డ వైపు నుంచి వచ్చేవాళ్ళు విజయవాడ చేరి, ఇబ్రహీంపట్నం దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా అది నేరుగా భద్రాచలం చేరుస్తుంది. గుడివాడ వాళ్ళకు విజయవాడ దాకా వెళ్ళాల్సిన పని లేదు. హనుమాన్ జంక్షన్, నూజివీడు, విస్సన్నపేట మీదుగా తిరువూరులో కలుస్తారు. మామిడితోటల మధ్య దారి, మాఘంలో పూత వాసనతో ఉంటుంది. రైల్లో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి బస్సులో ఇంకో 40 కిలోమీటర్లు. సారపాక కాగితం మిల్లు దాటి గోదావరి వంతెన ఎక్కితే ఊళ్ళో ఉన్నట్టే. గుండాలలో బసకు చూడకండి, భద్రాచలంలోనే దిగండి. దేవస్థానం కాటేజీలు, సత్రాలు, తెలంగాణ టూరిజం వాళ్ళ హరిత హోటల్, ప్రైవేటు లాడ్జీలు ఉన్నాయి. గుడికి ఎదురుగా ఉన్న గది కంటే కాస్త ఎడంగా ఉన్నది తీసుకోండి. తెల్లారుజామున మైకు సుప్రభాతం దూరం నుంచి వింటేనే హాయి.

గుండం దగ్గరికి తెల్లవారుతుండగా వెళ్ళాలి. చలి ఉన్నప్పుడే ఆ నీటి విలువ తెలిసేది. ఒడ్డు దిగి ఇసుకలో నడుస్తుంటే కాళ్ళు జిల్లుమంటాయి. గుండాల వాళ్ళనే ఎవరినైనా వెంటబెట్టుకోండి. ఏటా వరద పోయాక ఇసుక మేటలు మారతాయి, కిందటేడు వేడినీళ్ళు పడ్డ చోట ఈ ఏడు పడకపోవచ్చు. వాళ్ళు చెప్పిన చోట చిన్న పారతో తవ్వడం మొదలెడితే పైన పొడి ఇసుక, దాని కింద తడి ఇసుక. ఇంకాస్త లోతుకు పోయాక పార తీసిన గుంతలో అంచుల వెంట నీరు సన్నగా చెమర్చి, అడుగున చేరుతుంది. మొదట మడ్డిగా ఉంటుంది. ఆ మొదటి నీళ్ళు చెంబుతో తోడి పారబోయండి. రెండోసారి ఊరిన నీరు కాస్త తేరుతుంది, మూడోసారికి అడుగు ఇసుక రేణువులు కనిపిస్తాయి. చెయ్యి పెట్టి చూస్తే నాలుగడుగుల అవతల ఏటిలో పారే నీరు చల్లగా, ఇక్కడ ఊరే నీరు వెచ్చగా. ఒకే నది, ఒకే ఇసుక. చీలిక ఉన్న చోట ఒక తీరు, లేని చోట ఇంకో తీరు. చెంబుతో నెమ్మదిగా కాళ్ళ మీద, నడుం మీద పోసుకుంటే రాత్రి బస్సు ప్రయాణం బడలిక అక్కడికక్కడే వదులుతుంది.

ఇక్కడ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు గట్టిగా చెప్పాలి. వేడినీరు కండరాలను సడలిస్తుంది, కీళ్ళ బిగువు తగ్గిస్తుంది, ఆ హాయి నిజమే. రోగాలు నయమవుతాయన్న మాట మాత్రం నమ్మి మందులు మానకండి. పదీ పదిహేను నిమిషాలు చాలు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడక్కుండా దిగొద్దు, వేడినీళ్ళలోంచి గభాలున లేస్తే కళ్ళు తిరుగుతాయి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళకు కాలుతున్న సంగతి కూడా తెలియదు. వాళ్ళ తరఫున ఇంకొకరు చెయ్యి పెట్టి వేడి చూడాలి. ఆ నీరు తాగొద్దు. తల ముంచొద్దు, ముక్కులోకి నీరు పోనివ్వొద్దు. వెచ్చని నిలవనీటిలో ఉండే ఒక అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. 2024, 2025లలో కేరళలో ఈ జబ్బు కేసులు వచ్చాయి. చిన్నపిల్లలకు ఈ సంగతి బయల్దేరేముందే చెప్పండి. చెలమ దగ్గరే స్నానం, నదిలోకి దిగే పని పెట్టుకోవద్దు. పైకి మోకాలి లోతులా కనిపించే చోట నీటి అడుగున గుంతలుంటాయి. కాలువల్లో ఈతకొట్టి పెరిగామన్న ధైర్యం గోదావరి దగ్గర పనికిరాదు.

గుండాలలో ఏర్పాట్లు తక్కువ, ముసలివాళ్ళు ఇసుకలో నడవలేరు, గదిలోనే వేడినీరు కావాలంటే ఇంకో చోటుంది. కాస్త దూరం, ఒడిశాలో తప్తపాణి. మన బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లు, దిగపహండి దాటాక తూర్పు కనుమల అడవిలో ఉంటుంది. మన బరంపురం అని ఎందుకన్నానంటే, 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది ఆ ఊళ్ళోనే. ఇప్పటికీ అక్కడి బజార్లో తెలుగులో బేరమాడవచ్చు. బందరు నుంచి గుడివాడ, భీమవరం మీదుగా విశాఖకు ఎక్స్‌ప్రెస్ రైలుంది, విశాఖ నుంచి హౌరా లైన్లో బరంపురం. ఆ పైన బస్సో కారో.

తప్తపాణిలో నీటికి గంధకం వాసన ఉంటుంది. గుండం దగ్గర కంధుణీదేవి గుడి. మూలగుండంలో దిగనివ్వరు, ఆ నీటినే పక్క కొలనుకు మళ్ళించి స్నానాలకు వదిలారు. ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్ అక్కడే ఉంది. గుండం నీరు గదిలోని తొట్టెకే వచ్చే ఏర్పాటు కొన్ని గదులకు ఉంది. బుక్ చేసేటప్పుడే ఆ గది కావాలని అడిగి ఖాయం చేసుకోండి. సాయంత్రం అడవి గాలి, వరండాలో కుర్చీ, అంతకుమించి చేయడానికేమీ లేదు. ఏమీ తోచక తిరగాలనిపిస్తే, చంద్రగిరి వైపు 1960లలో వచ్చి స్థిరపడ్డ టిబెటన్ల పల్లెలూ, 2010లో దలైలామా ప్రారంభించిన జిరంగ్ బౌద్ధారామమూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. గంధకం నీళ్ళలో దిగేముందు ఒంటి మీది వెండి, గిల్టు నగలు తీసి పెట్టండి. వెండి పట్టీలు నల్లబడతాయి. చిలకలపూడి గాజులకు పూత కింద ఉన్నది రాగీ ఇత్తడే కాబట్టి వాటి మెరుపూ పోతుంది. తర్వాత మన ఊరి సరుకును తిట్టుకోవద్దు.

రెండిట్లో ఏది మేలని అడిగితే నా మాట ఇది. నడవగలిగినవాళ్ళకు, ఖర్చు తక్కువ కావాలనుకునేవాళ్ళకు, రామదర్శనం కూడా కలిసిరావాలనుకునేవాళ్ళకు గుండాల. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు, గది తలుపు వేసుకుని రెండు రోజులు మాట్లాడకుండా ఉండాలనుకునేవాళ్ళకు తప్తపాణి. గుండాలకు ఆశలు తగ్గించుకుని వెళ్ళాలి, తప్తపాణికి గది ముందుగా ఖాయం చేసుకుని వెళ్ళాలి. ఎక్కడికి వెళ్ళినా ఫోను గదిలో వదిలి వెళ్ళడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. చెలమ తవ్వుతూ వీడియో కాల్లో గుడివాడ అంతటికీ చూపిస్తే గుడివాడ అంతా మీతో వచ్చినట్టే.

వేడినీటి స్నానాలకు పెట్టింది పేరు జపాన్. అక్కడ ఒక పద్ధతుంది. కొలనులో దిగకముందే బయట సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని, బాగా కడుక్కుని, ఆ తర్వాతే నీళ్ళలోకి వెళ్తారు. కొలనులోకి సబ్బు నురగ పోనివ్వరు. గట్టిగా మాట్లాడరు. ఆ నీరు తమ తర్వాత వచ్చేవాళ్ళది కూడానన్నది అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. మన రేవుల దగ్గర షాంపూ సాచెట్లు, సబ్బుపెట్టెలు, పాత బట్టలు ఎలా పడి ఉంటాయో మీకు నేను చెప్పాలా?

అందుకే చివరగా ఒక విన్నపం. గుండాలకు వెళ్ళేవాళ్ళు సబ్బు గదిలోనే వాడుకుని, చెంబూ తువ్వాలూ మాత్రం పట్టుకెళ్ళండి. తీసుకెళ్ళిన ప్లాస్టిక్ కవరు ప్రతి ఒక్కటీ తిరిగి తెచ్చుకోండి. ఆ ఇసుకలో వదిలింది జులై వరదకు లేచి గోదావరిలో పడుతుంది, ఆ గోదావరిలో కొంత మన కాలువలకే వస్తుంది. స్నానం అయ్యాక తవ్విన చెలమను పారతో పూడ్చి, పైన ఇసుక సర్ది రండి. చీకట్లో నీళ్ళకు వచ్చే పశువుల కాలు అందులో పడకూడదు, ఆడుకునే పిల్లలు అందులో జారకూడదు. మీ తర్వాత వచ్చేవాళ్ళు తమ చెలమ తామే తవ్వుకుంటారు.